కోల్ట్ పైథాన్: పాతదా, కొత్తదా?

పాతది 1955లో వచ్చిన, .357 మ్యాగ్నమ్ తూటా పేల్చే రివాల్వర్. కొత్తది 2020లో అమెరికా తుపాకుల కంపెనీ కోల్ట్ మళ్లీ తెచ్చినది.

అందం: పాతదాని రాయల్ బ్లూ (ఉక్కుకు ఎక్కించిన ముదురు నీలి రంగు) చేత్తో పట్టిన మెరుగు, ముఖం చూసుకోవచ్చు. కొత్తది మొదట స్టెయిన్‌లెస్ స్టీల్‌లో వచ్చింది. బాగుంటుంది, అంతే.

ఖర్చు: అసలు పెట్టె, కాగితాలు ఉంటే పాతదాని ధర ఎగబాకుతుంది. మళ్లీ బ్లూయింగ్ (ఆ నీలి రంగు ఎక్కించడం) చేయించి ఉంటే పడిపోతుంది. కొత్త మెరుపు చూసి మోసపోయేది ఇక్కడే!

శ్రమ, రిస్కు: పాతదాని భాగాలు చేత్తో అరగదీసి అమర్చినవి. అరిగితే టైమింగ్ తప్పుతుంది, అంటే తూటాలుండే సిలిండర్ సరిగ్గా కుదురుకోకముందే తూటాను పేల్చే హ్యామర్ పడుతుంది. సరిచేసే పనివాళ్లు అరుదు. కొత్తదానిలో భాగాలు తక్కువ, ఫ్రేమ్ దిట్టం.

తరచూ పేల్చేవారికి కొత్తది. అసలు మెరుగు చెదరని పాతది దొరికితే మాత్రం దాచుకోవడానికి అదే.