నడుము ఫ్యూజన్: ముందు నుంచా, వెనక నుంచా, పక్క నుంచా?

అమ్మకు నడుములోని నాలుగు, ఐదో పూసల (ఎల్4-ఎల్5) దగ్గర ఫ్యూజన్, అంటే రెండు పూసలను అతికించే ఆపరేషను, చేయించినప్పటి నుంచి బంధువులూ స్నేహితులూ తమ ఎంఆర్ఐ రిపోర్టులు పంపి ఒకటే అడుగుతున్నారు: ఏ వైపు నుంచి చేయించుకుంటే మేలు? అసలు ఆపరేషను అవసరమా అన్నది వేరే సంగతి, అది తేల్చుకున్నాకే ఈ ప్రశ్న. నేను డాక్టరును కాను. ఇద్దరు సర్జన్ల చుట్టూ తిరిగి, పట్టుబట్టి అడిగి తెలుసుకున్నది చెబుతున్నాను.

ఏ దారిన వెళ్లినా చివరికి చేసేది ఒకటే: పూసల మధ్య మెత్తలా ఉండే డిస్కు తీసేసి, ఆ చోట ఎముక ముక్కలు నింపిన కేజ్ (చిన్న బోలు దిమ్మ) పెట్టి, రెండు పూసలూ అతుక్కునేలా చూడడం. అక్కడికి చేరడానికి దేన్ని కోయాలి, దేన్ని పక్కకు జరపాలి అన్నదగ్గరే తేడా.

ముందు నుంచి చేసే ఏలిఫ్‌లో పొట్ట మీద కోసి, పేగులను పక్కకు జరిపి వెళతారు. వీపు కండరాల జోలికి పోరు. పెద్ద కేజ్ పడుతుంది కనుక నడుముకు సహజంగా ఉండే వంపు బాగా తిరిగి వస్తుంది. ఆ వంపులో దాదాపు మూడింట రెండు వంతులు ఎల్4 నుంచి ఎస్1 (ఎల్5 కిందే ఉండే పూస) లోపే ఉంటుంది కాబట్టి ఇది చిన్న లాభం కాదు. సమస్య ఎల్5-ఎస్1లో ఉంటే నేనూ ముందుగా దీన్నే అడిగేదాన్ని. పెద్ద రక్తనాళం సాధారణంగా ఎల్4 దగ్గరే రెండుగా చీలుతుంది, ఆ చీలిక కింద దారి దొరుకుతుంది. ఒక మెట్టు పైకి వస్తే మాత్రం ఆ నాళాలను జరపక తప్పదు. మగవారు మొహమాటపడకుండా అడగవలసింది ఇంకొకటి ఉంది: అక్కడి సన్నని నరాలు దెబ్బతింటే వీర్యం బయటికి రాకుండా మూత్రాశయంలోకి వెళ్లవచ్చు. ఇది కొద్దిమందికే జరుగుతుంది, కానీ పిల్లలు కావాలనుకునేవారికి పెద్ద విషయమే.

మాకు తేల్చింది వేరే. అమ్మ పొయ్యి దగ్గర పది నిమిషాలు నిలబడితే ఎడమ కాలు పిక్క దాకా లాగేది. గట్టు మీద మోచేతులు ఆనించి ముందుకు వంగితే తగ్గేది. వీధి చివరి గుడికి వెళ్లడానికి మూడు అరుగుల మీద కూర్చునేది. మొదటి సర్జన్ పక్క నుంచి చేద్దామన్నారు: కేజ్‌తో డిస్కు ఎత్తు పెంచితే నరానికి దానంతట అదే చోటు వస్తుందని. చాలామందికి అది సరిపోతుంది కూడా. రెండో ఆయన ఎంఆర్ఐ అడ్డుకోత చిత్రం తెర మీద పెట్టారు. గుండ్రంగా ఉండవలసిన నరాల సంచి మూడు మూలలుగా నలిగిపోయి ఉంది. నొక్కుతున్నది వెనక ఉన్న కీలు, దళసరెక్కిన లిగమెంటు. వాటిని నేరుగా తీసేయాలంటే వెనక నుంచే వెళ్లాలి. నా దృష్టిలో అన్నిటికంటే ముందు చూడవలసింది ఇదే, కోత ఎంత చిన్నది అన్నది కాదు.

వెనక దారిలో పాతది పీలిఫ్. రెండు వైపులా నరాల సంచిని మధ్యకు లాగి కేజ్‌లు పెడతారు. టీలిఫ్‌లో ఒక పక్క కీలు తీసి ఏటవాలుగా వెళతారు కనుక నరాన్ని లాగవలసింది తక్కువ. మేము దీన్నే, గొట్టం గుండా చేసే పద్ధతిలో చేయించాం. కండరాన్ని ఎముక నుంచి ఒలిచేయకుండా పాయలుగా విడదీసి లోపలికి వెళతారు, రక్తం తక్కువ పోతుంది. అయితే అందులో బాగా చేయి తిరిగిన సర్జన్ కావాలి. నడుము వంపు విషయంలో ఏలిఫ్ అంత గట్టిది కాదన్నదీ నిజమే.

పక్క దారులైన ఎక్స్‌లిఫ్, ఓలిఫ్ వంకర తిరిగిన వెన్నుకూ పై పూసలకూ బాగుంటాయి. ఎక్స్‌లిఫ్ నడుము పూసల పక్కనే ఉండే సోయాస్ కండరం మధ్య నుంచి వెళుతుంది, కొందరికి కొన్ని వారాలు తొడ తిమ్మిరి ఉంటుంది. ఎల్5-ఎస్1కు తుంటి ఎముక అడ్డం. ఓలిఫ్ ఆ కండరం ముందు నుంచి వెళుతుంది.

అమ్మకు ఇప్పుడు నాలుగో నెల. కాలి లాగుడు ఆస్పత్రిలో ఉండగానే పోయింది. పొద్దున లేవగానే వీపు పట్టేసినట్టు ఉండడం మాత్రం ఇంకా ఉంది. ఎముక పూర్తిగా అతకడానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుందన్నారు, అందాకా బియ్యం డబ్బా జోలికి వెళ్లనివ్వడం లేదు.