పక్కవాళ్ల వ్యాసం: ఎర్ర పెన్నుతో దిద్దాలా, ప్రశ్నలు అడగాలా?

తొమ్మిదో తరగతికి తెలుగు చెబుతాను. వ్యాసం రాయించాక నోటు పుస్తకాలు మార్చుకుని ఒకరిది ఒకరు చూడటం మా క్లాసులో అలవాటు. దాన్ని మూడు రకాలుగా చేయించి చూశాను కాబట్టి ఏది మేలో ఇప్పుడు కాస్త గట్టిగానే చెప్పగలను.

మొదటిది ఎర్ర పెన్ను. "తప్పులు దిద్దండి" అంటే పది నిమిషాల్లో పనైపోతుంది, 40 మంది ఉన్న గది నిశ్శబ్దంగా ఉంటుంది. లాభం లేదని అనను. పక్కవాళ్ల పుస్తకంలో 'కధ'ను 'కథ' అని, 'మాటకు అర్ధం' అన్నచోట 'అర్థం' అని దిద్దిన పిల్లలకు ('అర్ధం' అంటే సగం కదా) అవే ఒత్తులు తమ పుస్తకంలోనూ కనపడటం మొదలవుతుంది. చిక్కల్లా తప్పు కానిదాన్ని దిద్దినప్పుడే. ఒకసారి బతుకమ్మ మీద రాయమన్నాను. ఒకమ్మాయి వాళ్ల నానమ్మ మాటను ఉన్నదున్నట్టు, "బిడ్డా, తంగేడు పువ్వు తెచ్చినవా?" అని రాసింది. పక్కనున్న అబ్బాయి 'తెచ్చినవా' కొట్టేసి 'తెచ్చావా' అని పెట్టాడు. వాడు మంచి చేశాననే అనుకున్నాడు. ఆ అమ్మాయి మాత్రం తర్వాత రాసిన రెండు వ్యాసాల్లోనూ నానమ్మ ఊసెత్తలేదు, గైడులో ఉండేలాంటి వాక్యాలే రాసింది. నాకు అది ఇప్పటికీ బాధే, ఎందుకంటే వాడి చేతికి పెన్ను ఇచ్చింది నేనే.

రెండోది బోర్డు పద్ధతి, ఇంగ్లిష్ క్లాసుల్లో చూసే ఉంటారు: ఒక గ్రూపు రాసింది బోర్డు మీద రాసి అందరూ కలిసి దిద్దుతారు. తప్పు ఏ ఒక్కరిదీ కాదు కాబట్టి ఎవరికీ సిగ్గనిపించదు. 'మా ఊరి యొక్క చెరువు యొక్క కట్ట' లాంటివి 'మా ఊరి చెరువు కట్ట'గా మారడం అందరి కళ్ల ముందే జరుగుతుంది. కానీ మాట్లాడేది ఎప్పుడూ ఆ ఐదారుగురే.

మూడోది నాకు బాగా నచ్చింది. రాసినవాళ్లు పైకి చదువుతారు, జతలో రెండోవాళ్లు పుస్తకం చూడకుండా వింటారు. విన్నాక మార్జిన్‌లో పెన్సిల్‌తో రెండే రాయాలి: గుర్తుండిపోయిన వాక్యం ఏది, ఇంకా ఏం తెలుసుకోవాలనిపించింది. ఉత్తినే "బాగుంది" అంటే ఒప్పుకోను. ఇలా చేయించినప్పుడే ఒకడు "గునుగు పూలకు రంగు ఎట్లా వేస్తారు?" అని రాశాడు. దానికి జవాబుగా ఇంకో అరపేజీ వచ్చింది: పూలు కట్టలు కట్టడం, రంగు నీళ్లలో ముంచడం, మర్నాడు బడిలో కూడా గులాబీ రంగులో ఉన్న వేళ్లు. ఎన్నోసార్లు "ఇంకా వివరంగా రాయి" అని నేను రాసినా రాని అరపేజీ అది. అడిగినవాడికీ ఏదో అంటింది. తన సంక్రాంతి వ్యాసంలో "పండుగ ఘనంగా జరిగింది" అన్న వాక్యాన్ని తనే కొట్టేసి, ఆ రోజు ఇంట్లో ఎవరెవరు ఏం చేశారో రాసుకొచ్చాడు.

ఇందులోనూ ఇబ్బందులున్నాయి. పీరియడ్ మొత్తం పడుతుంది, ఒక్కోసారి రెండు. స్నేహితులైతే పొగడ్తలే, పడనివాళ్లైతే కోపాలే, అందుకే జతలు నేనే వేసి నెలకోసారి మారుస్తాను. చదివినవాళ్లు వెంటనే వాదించకూడదు, రాసుకోవాలి. ఇంటికెళ్లాక ఏది తీసుకోవాలో ఏది వదిలేయాలో వాళ్లిష్టం. ఈ మాట ముందే చెప్పకపోతే పిల్లలు పక్కవాళ్లు అన్నదల్లా మార్చేసి వ్యాసాన్ని పాడుచేసుకుంటారు.

కాబట్టి చిత్తుప్రతికి ప్రశ్నలు, ఫెయిర్ కాపీకి మాత్రమే ఎర్ర పెన్ను. అప్పుడు కూడా కొట్టివేత ఉండదు. అనుమానమున్న మాట కింద గీత పెడితే చాలు, సరైనదేదో రాసినవాళ్లే వెతుక్కుంటారు. ఎవరైనా మాట్లాడినట్టు కొటేషన్ల మధ్య రాసినదాన్ని ముట్టుకోకూడదని బోర్డు పైమూలన రాసి పెట్టాను, దాన్ని ఎవరూ తుడపరు.