బావోబాబ్: కుండీలో మేలా, నేలలో మేలా?

బావోబాబ్ అనే ఆఫ్రికా, మడగాస్కర్ వైపు మహావృక్షం గింజ చేతికి రాగానే మన కళ్ళ ముందు ఆ లావుపాటి మానే కదులుతుంది. కానీ మొలకెత్తిన కొత్తలో అది బావోబాబ్ అని చెబితే తప్ప తెలియదు. సన్నటి కాడ, మామూలు ఆకులు. చేతివేళ్ళలా విడివడిన ఆకు తర్వాతెప్పుడో వస్తుంది. అసలు కథంతా మట్టి కింద నడుస్తుంటుంది. కుండీ మారుద్దామని ఒక లేతమొక్కను పైకి తీస్తే, అడుగున ముల్లంగిలా ఊరిన వేరు కనబడింది. పైనున్న కాడకంటే అదే లావు! నీళ్ళు దాచుకునే సంచి అన్నమాట. కుండీయా, నేలా అన్నది తేల్చేదీ ఆ వేరే.

కుండీలో ఉన్న పెద్ద లాభం నీళ్ళు మన చేతిలో ఉండటం. పెద్ద ప్రమాదమూ అదే. చలికాలంలోనో ఎండుకాలంలోనో ఈ చెట్టు ఆకులన్నీ రాల్చి మోడులా నిలబడుతుంది. అది దాని నిద్ర. నా మొదటి మొక్క ఆకులు రాల్చగానే దాహమేసిందేమోనని రోజూ నీళ్ళు పోశాను. కొన్నాళ్ళకు కాండం మొదట్లో బొటనవేలితో నొక్కితే మెత్తగా లోపలికి దిగింది. ఇంకేముంది, కుళ్ళిపోయింది. మోడుగా ఉన్నప్పుడు నీళ్ళు దాదాపు మానేయాలి. చిగురు కదిలాక మళ్ళీ పోయాలి, అదీ పైమట్టి బాగా ఆరాకే. మట్టిలో సగం దాకా ముతక ఇసుకో, పెర్లైటో (నీళ్ళు నిలవకుండా మట్టిలో కలిపే తేలికపాటి తెల్లటి గుళికలు) కలిపి, అడుగున చిల్లులున్న మట్టికుండీలో పెడితే టెన్షన్ సగం తగ్గుతుంది.

కుండీలో చెట్టు మరుగుజ్జుగానే ఉంటుంది, పువ్వుల మీద ఆశ పెట్టుకోకూడదు. కానీ మొదలు సీసాలా ఉబ్బి చూడముచ్చటగా ఉంటుంది. బోన్సాయ్ చేసేవాళ్ళకు దీని మీద మోజు అందుకే.

నేలలో వేస్తే వేగమే వేరు. ఎండ, జాగా, నీళ్ళు నిలవని మట్టి, ఈ మూడూ దొరికితే ఏటికేడు లావెక్కుతుంది. బంకమట్టి అయితే దిబ్బలా ఎత్తు చేసి నాటాలి. పువ్వు చూడాలంటే మాత్రం గింజమొక్కకు ఏళ్ళూ పూళ్ళూ పడుతుంది. అంటుమొక్క అయితే త్వరగా పూస్తుంది. అరచేతంత తెల్లటి పువ్వు తలకిందులుగా వేలాడుతూ సాయంత్రం విచ్చుకుంటుంది, ఒక్క రాత్రి వైభవం. ఆఫ్రికా రకానికి చాలాచోట్ల గబ్బిలాలు పరాగసంపర్కం చేస్తాయి. వాసన వాటికి ఇష్టం, మనకు కాదు.

నేలలో తప్పు చేస్తే దిద్దుకోవడం కష్టం. గోడకు పది అడుగుల దూరం చాలనుకుని నాటితే, మాను లావే కొన్ని మీటర్లు దాటగల చెట్టది. వేళ్ళు కొమ్మల నీడ దాటి పాకుతాయి. ముదిరాక తరలించడం అసాధ్యమేమీ కాదు: ఆస్ట్రేలియాలో 2008లో దాదాపు 36 టన్నుల బోవాబ్‌ను (అక్కడి బావోబాబ్‌ను) వార్మన్ నుంచి పెర్త్ కింగ్స్ పార్కుకు 3,200 కిలోమీటర్లు లారీ మీద తీసుకెళ్ళారు. అది మన తోటపనికి అందే లెక్క కాదు కదా!

రకం సంగతి. ప్రపంచంలో ఉన్న బావోబాబ్‌లలో ఆరు రకాలు మడగాస్కర్‌వే. కొత్తగా మొదలెట్టేవాళ్ళకు ఆఫ్రికా రకమే తేలిక. గింజ పెంకు గట్టిది కనుక ఒక పక్క గరుకు కాగితంతో రుద్ది, వేడినీళ్ళలో ఒక రాత్రి నాననిచ్చి నాటాలి.

నా ఓటు? మంచు గడ్డకట్టే చలి ఉంటే వాదన అక్కర్లేదు, కుండీయే. ఆ చలి తగిలితే లేతమొక్క బతకదు, కుండీ అయితే లోపల పెట్టుకోవచ్చు. జాగా తక్కువున్నా కుండీయే. జాగా, వెచ్చదనం రెండూ ఉంటే మొదటి రెండేళ్ళు కుండీలో పెంచి నేలకు దించడం మేలు. లేతమొక్కలకు పట్టే నారుకుళ్ళును కుండీలో చూసుకోవడం తేలిక. ఎక్కువ కాలం ఉంచితే ఆ లావు వేరు కుండీ అంచు చుట్టూ చుట్టుకుపోతుంది. మోడుగా ఉన్నప్పుడే, చిగుళ్ళకు ముందు దించాలి. వేరుకు దెబ్బ తగిలితే నాటాక వారం పాటు నీళ్ళు పోయకండి, గాయం ఆరనివ్వండి.