5% రుథేనియం–కార్బన్ ఉత్ప్రేరకం: పనితనానికి వంక లేదు, వడపోత దగ్గరే చిక్కు

కలపలో పీచును బిగించి ఉంచే లిగ్నిన్ అనే పదార్థం నుంచి ఫీనాల్ జాతి రసాయనాలు తీయడానికి మా ప్రయోగశాలలో వాడుతున్నది కార్బన్‌పై 5% రుథేనియం ఉన్న నల్లటి పొడి. జామాయిల్ కలప పొట్టుతో పనిచేసిన అనుభవం మీద, దీన్ని కొత్తగా కొనబోయేవారి కోసం ఈ సమీక్ష రాస్తున్నాను.

పొట్టును మిథనాల్‌లో 250 డిగ్రీల సెల్సియస్ దగ్గర వేడిచేస్తే లిగ్నిన్ కరిగి ముక్కలవుతుంది గాని, ఆ ముక్కలకు నిలకడ లేనందువల్ల అవి మళ్లీ ఒకదానితో ఒకటి అతుక్కుని దేనికీ కొరగాని ముద్దగా మారతాయి. హైడ్రోజన్ పీడనంలో ఈ ఉత్ప్రేరకం తోడైతే, అతుక్కునేలోపే అవి స్థిరపడి ప్రధానంగా ప్రొపైల్ గ్వాయకాల్, ప్రొపైల్ సిరింగాల్ అనే ఫీనాల్ రసాయనాలుగా మిగులుతాయి. బెల్జియంలోని లూవెన్ పరిశోధకులు 2015లో బర్చ్ కలప లిగ్నిన్‌లో దాదాపు సగాన్ని ఈ పద్ధతిలోనే ఫీనాల్ మోనోమర్లుగా, అంటే విడి అణువులుగా, మార్చి చూపారు. రుథేనియానికి బదులు పలేడియం వాడితే ఆ అణువుల ప్రొపైల్ గొలుసు చివర హైడ్రాక్సిల్ (ఆక్సిజన్–హైడ్రోజన్ జంట) నిలిచిపోతుంది. అది కావాలో వద్దో ముందే తేల్చుకోవాలి. గంధకం రుథేనియానికి విషం, అంటే దాని పనితనాన్ని చంపేస్తుంది కాబట్టి, గంధకం కలిసి ఉండే కాగితపు మిల్లుల క్రాఫ్ట్ లిగ్నిన్‌ను నేరుగా దీనిమీద ప్రయోగించవద్దు.

అసలు చిక్కు రియాక్టర్ తెరిచాక మొదలవుతుంది. కరగకుండా మిగిలిన సెల్యులోజ్ గుజ్జులో ఈ సన్నటి పొడి ఎంతగా కలిసిపోతుందంటే, ఖరీదైన లోహాన్ని తిరిగి రాబట్టడం గాని, గుజ్జును శుభ్రంగా మరో పనికి వాడడం గాని సాధ్యం కాదు. ఈ కారణం వల్లనే పొడికి బదులు గుళికల రూపం కొని, జల్లెడ బుట్టలో ఉంచి వాడమని నా సలహా. చర్య కొంత నెమ్మదించినా ఫరవాలేదు. మరో హెచ్చరిక: వడపోసిన పొడిని మిథనాల్ ఆవిరి మధ్య ఆరనిస్తే నిప్పంటుకోవచ్చు, కాబట్టి దాన్ని నీటితో తడిగానే ఉంచాలి.

తడి పొడిగా అమ్మే రకంలో బరువులో సగం దాకా నీరే ఉండవచ్చు. మాకు సరఫరా చేసినవారు సీసాపై ఆ శాతం ముద్రించలేదు. అడిగితే గాని ఆ శాతం తెలిపే ధ్రువపత్రం పంపలేదు. ఆ అంకె తెలియకుండా తూకం వేస్తే రుథేనియం లెక్క తప్పుతుంది.

చక్కెరల నుంచి వచ్చే లెవులినిక్ ఆమ్లాన్ని గామా వాలెరోలాక్టోన్ అనే ద్రావణిగా మార్చడానికి కూడా ఇది చక్కగా పనికివస్తుంది, అదీ నీటిలోనే. కేవలం జైలోజ్ అనే కలప చక్కెర నుంచి జైలిటాల్ అనే తీపి పదార్థం తయారుచేయడమే మీ ఉద్దేశమైతే ఇంత ఖర్చు అనవసరం. పరిశ్రమల్లో చిరకాలంగా వాడుతున్న రేనీ నికెల్ (సన్నని రంధ్రాలున్న నికెల్ ఉత్ప్రేరకం) చాలు.