గుర్రపుశాలలో రెండేళ్లు: స్వారీ సరే, పోషణ సంగతి చెప్తాను

స్వారీ నేర్పే ఈ గుర్రపుశాలలో చేరి రెండేళ్లు దాటింది. హెల్మెట్ వాళ్లే ఇస్తారా, క్లాసు ఎంతసేపు, బరువు పరిమితి ఉందా లాంటివి ఫోన్ చేస్తే వాళ్లే చెప్తారు, వదిలేస్తున్నాను. నాకు ఈ చోటు మీద ఇంత ఇష్టం ఉండటానికి కారణం ఒక్కటే: జీను వేసి సిద్ధం చేసిన గుర్రాన్ని ఎవరూ తెచ్చి మన చేతికివ్వరు. మాలీషు చేసేది మనమే, డెక్కలు శుభ్రం చేసేది మనమే, జీను బిగించేది మనమే, దిగాక మళ్లీ ఆ పనంతా మనదే.

డెక్కల పని నాకు అన్నిటికన్నా ఇష్టం. గుర్రం భుజం పక్కన తోక వైపు తిరిగి నిలబడి, అరచేతిని కాలి వెంబడి కిందికి జార్చుకుంటూ పోతే అలవాటున్న గుర్రం తనే కాలెత్తి ఇస్తుంది. డెక్క అడుగున త్రికోణంలా ఉండే మెత్తటి భాగాన్ని ఫ్రాగ్ అంటారు, దానికి రెండు పక్కలా ఉన్న గాడుల్లో మట్టీ లద్దే గట్టిగా కూరుకుపోయి ఉంటాయి. ఆ మట్టి గీకి తీసే కొక్కేన్ని మడమ నుంచి ముందుకి లాగాలి, ఎదురు లాగితే మొన ఫ్రాగ్‌లో దిగొచ్చు. అక్కడ నల్లటి చెమ్మ, కుళ్లు వాసన ఉంటే థ్రష్, అంటే ఫ్రాగ్ కుళ్లే జబ్బు, పట్టిందని అర్థం. మనం ఎక్కి కూర్చునే జీవి కాళ్లు ఎలా ఉన్నాయో తెలియకుండా స్వారీ నేర్పడం నాకైతే ఇప్పుడు ఊహకే అందదు.

ఇంకోటి కూడా అలవాటు చేశారు. దవడ కింద నాడి చూడటం, రెండు డొక్కలకీ చెవి ఆనించి పేగుల చప్పుడు వినటం. విశ్రాంతిగా ఉన్న పెద్ద గుర్రానికి నిమిషానికి 28 నుంచి 44 దాకా కొట్టుకుంటుంది. గుర్రం బాగున్నప్పుడు ఇవన్నీ ఎందుకు అని అప్పట్లో కొంతమంది విసుక్కునేవాళ్లు.

అవి ఎందుకో ఒక చలికాలం సాయంత్రం అందరికీ అర్థమైంది. అక్కడ ఒక ముసలి తెల్ల ఆడగుర్రం ఉంది, పేరు మబ్బు. దాణా ముట్టలేదు. ముందుకాలితో నేలని గీరుతోంది, మాటిమాటికీ మెడ తిప్పి తన డొక్క వైపే చూసుకుంటోంది, పడుకుంటోంది, మళ్లీ లేస్తోంది. కొత్తవాళ్లెవరైనా అయితే బద్ధకంగా ఉంది అనుకునేవాళ్లు. గదిలో చూస్తే కొత్తగా వేసిన లద్దె లేదు. చెవి ఆనిస్తే రోజూ గుడగుడలాడే పొట్ట నిశ్శబ్దం. నాడి అరవై దాటింది. పరుగెత్తి మాస్టారుకి చెప్పాను. ఆయన నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు, ముందు డాక్టరుకి ఫోన్ చేసి, దాణా గడ్డీ తీయించేసి, పొర్లకుండా మెల్లగా నడిపించమన్నారు.

గుర్రానికి కడుపునొప్పి అంటే మనకొచ్చే నొప్పిలాంటిది కాదు. గుర్రం వాంతి చేసుకోలేదు, లోపలికి పోయింది వెనక్కి వచ్చే దారే లేదు. డాక్టరుగారు వచ్చి ముక్కులోంచి కడుపులోకి గొట్టం దించి, ముందు లోపలి నుంచి ఏమైనా వెనక్కి వస్తుందేమో చూసి, ఆ తర్వాతే ఆ గొట్టంలోంచి నీళ్లు పట్టించారు, నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చారు. చలికి నీళ్లు తక్కువ తాగడంతో లద్దె గట్టిపడి పేగులో ఇరుక్కుందన్నారు. రాత్రి బాగా పొద్దుపోయాక మబ్బు లద్దె వేసింది. నాతో పాటు ఉన్న కాలేజీ అమ్మాయి ఏడ్చేసింది, నాకూ గొంతు పట్టేసింది.

అయితే ఆ రాత్రి తర్వాత ఒక సంగతి నన్ను వదల్లేదు. గుర్రం మామూలుగా రోజుకి 25 నుంచి 50 లీటర్ల నీళ్లు తాగుతుంది, మరి మబ్బు ఎంత తాగుతోందో అన్ని రోజులూ ఎవరూ చూడలేదు. ఇప్పుడు గీతలు పెట్టిన బకెట్లతో నీళ్లు పెడుతున్నారు, మంచిదే, కానీ ఇంతగా పోషణ నేర్పే చోట అది ముందే ఉండాల్సింది. క్లాసులున్న రోజుల్లో ఇంతమందిమి చూసుకుంటాం, మిగతా రోజుల్లో పనివాళ్లు తక్కువ. వానాకాలంలో గదుల్లో పరుపుగడ్డి ఆరక తడితడిగా ఉంటుంది, అప్పుడు ఒకటి రెండు డెక్కల్లో ఆ కుళ్లు వాసన వస్తూనే ఉంటుంది.

స్వారీ విషయానికొస్తే, నేర్పడం నెమ్మది. ట్రాట్‌లో, అంటే గుర్రం దుడుకు నడకలో, రికాబుల మీద లేచి కూర్చోవడం గట్టిగా వచ్చేదాకా క్యాంటర్, అంటే అంతకన్నా వేగమైన పరుగు, మాటే ఎత్తరు. నా నడుము ఈ రోజు దాకా పట్టేయకపోవడానికి అదే కారణమని నమ్ముతాను, కానీ నాతో చేరిన ఒకతను పోటీలకి వెళ్లాలని వచ్చి, విసిగి మానేశాడు. అతన్ని తప్పుపట్టలేను. ఇక్కడ సగం సమయం నేల మీదే గడుస్తుంది, గెంతించడం నేర్పరు, గుర్రాలు నెమ్మదైనవి.

నాకు సెలవు రోజు ఉదయమంతా ఖాళీ, పోటీల ఆలోచన లేదు, కాబట్టి ఇది నాకు సరిపోయింది, కొనసాగిస్తాను. అరగంట స్వారీ చేసి ఆఫీసుకి పరుగెత్తాలనుకునే వాళ్లకి మాత్రం చెప్పలేను. మా అమ్మాయిని చేర్పిద్దామని ఉంది గానీ గుర్రం కాలెత్తి పట్టుకునే బలం దానికింకా రాలేదు, చిన్నపిల్లలని విడిగా చూసుకునే మనిషి కూడా అక్కడ లేరు. ఇంకో ఏడాది ఆగి చూస్తాం.