అట్టముక్కలతో ఎంచుకున్న ఈ-రీడరు: ఏడాదిన్నర తర్వాత

పుస్తకాలు చదువుకునే పరికరం, అంటే కొత్త ఈ-రీడరు, కొనే ముందు నేను చేసిన తెలివైన పని ఒక్కటే. పాత క్యాలెండరు అట్టను మూడు ముక్కలుగా కత్తిరించాను. 9 సెంటీమీటర్ల వెడల్పు, 12 ఎత్తు ఉన్నది ఆరు అంగుళాల తెరకు గుర్తు. 12కి 16 ఉన్నది 7.8 అంగుళాలకు. 15.7కి 21 ఉన్నది 10.3 అంగుళాలకు. ప్రకటనల్లో చెప్పే అంగుళాలు మూల నుంచి మూలకు కొలిచినవి కాబట్టి, వాటిని చూసి ఎంత పేజీ పడుతుందో ఊహించడం కష్టం. ఆ ముక్కలను తీసుకెళ్లి అలమరలోని పుస్తకాల మీద పెట్టాను. మనవాళ్లు ఎక్కువగా అచ్చు వేసే 1/8 డెమీ పుస్తకం సుమారు 14కి 21.5 సెంటీమీటర్లు ఉంటుంది. మూడో ముక్క దాని మీద మూత పెట్టినట్లు కూర్చుంది. మొదటి ముక్క పెడితే పేజీలో మూడింట రెండు వంతులు బయటే ఉండిపోయింది.

పాతది ఆరు అంగుళాలదే. తొమ్మిదేళ్లు వాడాను. ఇంగ్లీషు నవలలు చదివినంత కాలం దానికి వంక పెట్టలేకపోయాను. మూడు వారాలు వచ్చే బ్యాటరీ చివరికి మూడు రోజులకు దిగింది గానీ, ఆ వయసుకు అది సహజమే. మార్చాలనిపించింది తెలుగు వల్ల. 2016 చివర్లో అమెజాన్ వారి ఈ-పుస్తకాల కిండిల్ దుకాణంలోకి హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలు వచ్చాయి, ఆ వరసలో తెలుగు లేదు. నా తెలుగు చదువంతా ఇంటర్నెట్ ఆర్కైవ్, వికీసోర్స్ అనే ఉచిత సైట్ల నుంచే: మొదటిదాంట్లోని స్కాన్ పీడీఎఫ్‌లు, రెండోదాని నుంచి దించుకున్న ఈపబ్‌లు (తెరకు తగ్గట్టు అక్షరాలు సర్దుకునే ఈ-పుస్తకాలు). స్కాన్ అంటే బొమ్మ. అక్షరం పెద్దది కావాలంటే బొమ్మనే పెంచాలి, పెంచితే పంక్తి చివర తెర దాటిపోతుంది. పంక్తి పంక్తికీ పేజీని ఇటూ అటూ జరుపుతూ చదవడం ఏతం తొక్కడంతో సమానం. అలా ఒక్క పుస్తకం పూర్తి చేసి, రెండోది మధ్యలో వదిలేశాను.

అందుకే 10.3 అంగుళాలది, ఆండ్రాయిడ్‌తో నడిచేది తీసుకున్నాను. పాతదాని ధరకు మూడింతల పైనే అయింది. పేరు రాయడం లేదు, రాసినా పెద్ద తేడా ఉండదు. ఈ తరగతిలో ఏ కంపెనీది కొన్నా తెర మాత్రం దాదాపుగా తైవాన్‌కు చెందిన ఈ-ఇంక్ అనే ఒకే సంస్థ నుంచి వచ్చేదే. చూసుకోవలసింది ఆ తెర ఎంత చిక్కనిది అన్నది. ఇదే కొలతలో అంగుళానికి 227 చుక్కలవి ఉన్నాయి, 300 చుక్కలవి ఉన్నాయి. ఇంగ్లీషు చదివేవారికి 227 చాలేమో. మనకు గుడికీ గుడిదీర్ఘానికీ మధ్య ఉన్న తేడా ఒక చిన్న మెలిక. ప, వ, ఘ, ఝ సంగతి చెప్పనక్కర్లేదు. యాభై ఏళ్ల నాటి అచ్చు, దాని మీద స్కాన్, దాని మీద తక్కువ చుక్కల తెర అంటే అది చదవడం కాదు, శాసన పరిష్కారం. 300 చుక్కలదే తీసుకోండి.

పెట్టె తెరిచిన మొదటి వారం మాత్రం నిరుత్సాహపడ్డాను. పసుపెక్కిన కాగితం స్కాన్లు ఈ తెర మీద బూడిద రంగుకు తిరిగి, ఒత్తులు ఆ బూడిదలో కలిసిపోయాయి. దానితో వచ్చిన చదివే యాప్‌ను పక్కన పెట్టి కోరీడర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకున్నాక కష్టం తీరింది. అందులో కాంట్రాస్టు పెంచితే నేపథ్యం తెల్లబడి అక్షరం నల్లబడుతుంది. అంచులను కత్తిరించమంటే స్కానులోని ఖాళీ మార్జిన్లు పోయి అక్షరాలు ఆ మేరకు పెరుగుతాయి. ఈ రెండు అమరికలూ నేర్చుకోవడానికి ఒక సాయంత్రం పట్టింది. అప్పటి నుంచి పదిహేడు స్కాన్ పుస్తకాలు చదివాను.

ఈపబ్‌ల విషయంలో ఊహించని లాభం ఒకటి దక్కింది. మన సమాసాలు పొడుగు. చిన్న తెర మీద అక్షరం కాస్త పెంచితే పంక్తికి మూడు మాటలే పట్టి, మధ్యలో ఖాళీలు పళ్లూడిన నోరులా కనిపించేవి. ఇక్కడ పంక్తికి ఆరేడు మాటలు పడుతున్నాయి. మండలి అనే తెలుగు ఫాంటు వేసుకుని పంక్తుల మధ్య ఎడం కొంచెం పెంచితే కింది ఒత్తులకు ఊపిరాడుతుంది. అన్ని పరికరాలూ అక్షరాలను ఒకేలా గుర్తించే యూనికోడ్ పద్ధతికి ముందు నాటి, అచ్చు పనికి వాడిన డీటీపీ ఫాంట్లతో చేసిన పీడీఎఫ్‌లకు మాత్రం ఏ పరికరంలోనూ మందు లేదు. కంటికి బాగానే కనిపిస్తాయి, ఒక మాట వెతకబోతే లోపలంతా అర్థంలేని గుర్తులే.

నా లెక్క తప్పింది తెరకు లోపలే ఉండే దీపం దగ్గర. కాంతి పొర లేకపోతే అక్షరం తెర పైకి వచ్చినట్లు మరింత స్పష్టంగా కనిపిస్తుందని దీపం లేని మోడల్ ఎంచుకున్నాను. పగలు కిటికీ పక్కన కూర్చుంటే ఆ మాట అక్షరాలా నిజం. రాత్రి పదకొండుకు మా ఆవిడ లైటు ఆర్పమన్నప్పుడు ఆ స్పష్టత ఎందుకూ కొరగాదు. చివరికి మెడ వంచే చిన్న బల్ల దీపం కొన్నాను, దాని వెలుగు తనవైపు పడుతోందని మరో తగువు. మళ్లీ కొంటే దీపం ఉన్నదే కొంటాను.

బ్యాటరీ వైఫై ఆపితే వారం, పది రోజులు వస్తుంది. వెనకటి పేజీ నీడ కాస్త మిగులుతుంది, ఆరు పేజీలకోసారి తెర పూర్తిగా చెరిపేలా పెట్టుకుంటే కనిపించదు. రంగుల తెర కావాలా అని అడిగేవారికి: ఈ-ఇంక్ వారి రంగుల తెర కాలైడో 3లో రంగు బొమ్మ అంగుళానికి 150 చుక్కలే, పైగా తెల్లదనం తగ్గుతుంది. నాకు అక్కర్లేదనిపించింది. దీనితో పెన్ను కూడా ఇచ్చారు. ఇంతవరకూ సరుకుల చీటీ అయినా రాయలేదు.

పాతదాన్ని ఇవ్వలేదు, అమ్మలేదు. కొత్తది కవరుతో కలిపి అరకిలో దాటుతుంది. వెల్లకిలా పడుకుని చదువుతూ కునుకు తీస్తే పాతది ముక్కు మీద పడేది, దీనితో ఆ ధైర్యం చేయను. రైలెక్కే రోజున పై బెర్తుకు నాతో వచ్చేది పాతదే, మూడు రోజుల బ్యాటరీతోనే.