టైమింగ్ బెల్టు మార్చాక బండి వణుకుతోందా? మరో రూపాయి ఇచ్చే ముందు ఇది చదవండి

బెంగళూరులో పాత కారు నడుపుతున్న మనవాళ్ల కోసం రాస్తున్నాను. గ్యారేజీ పేరు చెప్పను, ఫిర్యాదు నడుస్తోంది. అవుటర్ రింగ్ రోడ్డు మీద పెద్ద బోర్డు, ఏసీ గది, కాఫీ యంత్రం ఉన్న చోటు. కాఫీ మాత్రం బాగుంటుంది.

నాది 2010 నాటి హ్యుందాయ్ ఐ10, 1.1 లీటరు పెట్రోలు ఇంజన్. ఇదే బండిలో 1.2 కప్పా ఇంజన్‌కు గొలుసు ఉంటుంది, వాళ్లకు ఈ బెల్టు గొడవ లేదు. 1.1కు రబ్బరు బెల్టు. పిస్టన్ల కదలికకు తగ్గట్టు వాల్వులు తెరుచుకుని మూసుకునేలా చూసేది ఈ టైమింగ్ బెల్టే. అది తెగేదాకా ఆగకూడదు. చాలా ఇంజన్లలో బెల్టు తెగితే పైకి వచ్చే పిస్టన్లు తెరిచి ఉన్న వాల్వులను గుద్ది వంచేస్తాయి, హెడ్డు, అంటే ఇంజన్ పైభాగం విప్పితే గాని బాగుపడదు. అందుకే తిరుపతి ప్రయాణానికి ముందు మార్పించాను. బెల్టు, దాన్ని బిగువుగా పట్టే టెన్షనర్, దారి చూపే ఐడ్లర్ చక్రం కలిపి కిట్టు, కూలితో సహా 6,800 రూపాయలు. బిల్లులో మూడూ రాసి ఉన్నాయి. ఈ సంగతి మళ్లీ వస్తుంది.

బండి చేతికొచ్చిన సాయంత్రమే సిగ్నల్ దగ్గర స్టీరింగ్ వణికింది. ఏసీ వేస్తే ఇంజన్ ఆగినంత పని చేసింది. ఫోను చేస్తే, "కొత్త బెల్టు కదా సార్, వంద కిలోమీటర్లు తిరిగితే సర్దుకుంటుంది" అన్నారు. నమ్మాను. తొడిగే కొద్దీ వదులై సర్దుకోవడానికి బెల్టేమీ కొత్త చెప్పు కాదన్న ఆలోచన అప్పుడు రాలేదు.

తిరుపతి దాకా ఎలాగో లాగింది. తిరుగు ప్రయాణంలో, పలమనేరు చేరకముందు మొగిలి ఘాట్‌ ఎక్కేటప్పుడు అసలు రంగు బయటపడింది. రెండో గేరులో కూడా ఎక్కనని మొరాయించింది. సరుకు లారీలు హారన్ కొట్టి మమ్మల్ని దాటుకుపోయాయి. వెనక సీట్లో అత్తగారు గోవింద నామాలు అందుకున్నారు. అప్పుడే ఇంజన్ లైటు వెలిగింది.

తిరిగొచ్చాక మొదలైంది అసలు దోపిడీ. పెట్రోలు కల్తీ అన్నారు. ప్లగ్గులు పోయాయన్నారు, 1,200. థ్రాటిల్ శుభ్రం చేయాలన్నారు, 900. ఇంజెక్టర్లు కడగాలన్నారు, 2,400. మొత్తం 4,500 పోయింది, వణుకు మాత్రం పోలేదు. బెల్టు ఒకసారి చూడండని అడిగితే, "అది మేం వేసిందే కదా సార్, అందులో తప్పు ఉండదు" అని తేల్చేశారు.

జె.సి. రోడ్డులో విడిభాగాలు అమ్మే ఒకాయన కె.ఆర్. పురంలోని ఒక రేకుల షెడ్డుకు వెళ్లమన్నాడు. అక్కడి మెకానిక్‌ది మదనపల్లె, పెద్దవయసు. బానెట్ తెరవకముందే అడిగాడు:

"వణుకు ఎప్పటి నుంచి బాబూ?"

"బెల్టు మార్చినప్పటి నుంచి."

"మరి ప్లగ్గులెందుకు మార్చారు?"

నా దగ్గర జవాబు లేదు.

స్కానర్ పెడితే పి0016 అనే కోడ్ వచ్చింది. పిస్టన్లు తిప్పే ఇరుసు క్రాంక్‌షాఫ్ట్, వాల్వులు తెరిచే ఇరుసు క్యామ్‌షాఫ్ట్; వీటి స్థానాలు ఒకదానితో ఒకటి పొసగడం లేదని దాని అర్థం. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరగాలి, అదీ సరిగ్గా గుర్తుకు గుర్తు కలిసి. క్రాంక్ చక్రానికి ఇరవై పళ్లు ఉన్నాయనుకుంటే ఒక్క పన్ను తేడా అంటే 18 డిగ్రీలు. గాలిని లోపలికి రానిచ్చే ఇన్‌టేక్ వాల్వు ఆ మేరకు ఆలస్యంగా మూసుకుంటే, లోపలికి పీల్చిన గాలిలో కొంత వచ్చిన దారినే వెనక్కి పోతుంది. ఇక బలం ఎక్కడి నుంచి వస్తుంది?

తరువాత కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటుందో కొలిచాడు. నాలుగు సిలిండర్లలోనూ తక్కువే, అదీ దాదాపు సమానంగా. ఒక్కదానిలోనే తక్కువుంటే ఆ వాల్వో, రింగులో, గ్యాస్కెట్టో అనుకోవచ్చునట. అన్నిటిలో ఒకేలా తగ్గితే టైమింగ్ వైపు చూడాలి. ఇంజన్ గాలిని ఎంత బలంగా పీలుస్తుందో పాదరసం అంగుళాల్లో చూపే వాక్యూమ్ గేజ్ కూడా పెట్టాడు. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది కాబట్టి, బాగున్న ఇంజన్ కూడా ఇక్కడ చెన్నైలో కన్నా సుమారు మూడు అంగుళాలు తక్కువ చూపిస్తుందని, అది లెక్కేసుకోకుండా ఇంజన్ పోయిందని భయపెట్టేవాళ్లూ ఉన్నారని చెప్పాడు. నా బండి ఆ లెక్కకూ చాలా కిందే ఉంది.

కవరు విప్పితే క్యామ్ గుర్తు ఒక పన్ను పక్కకు ఉంది. బెల్టు కొత్తదే. టెన్షనర్, ఐడ్లర్ మాత్రం పాతవే, తుప్పు మరక కూడా చెరగలేదు. బిల్లులో డబ్బు మూడింటికీ తీసుకున్నారు.

కాబట్టి బెల్టు మార్పించేటప్పుడు పక్కన నిలబడండి. ఎండైనా సరే, ఏసీ గదిలోకి వెళ్లకండి. టెన్షనర్ వదిలినప్పుడు బెల్టులో వదులంతా ఒక పక్కకు వస్తుంది, గుర్తులు జరిగేది అప్పుడే. అందుకే స్టార్టర్ ముట్టుకోకుండా, స్పానర్‌తో క్రాంక్‌ను చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పించి, గుర్తులు మళ్లీ కలిశాయో లేదో మీ కళ్లతో చూడండి, ఫోనులో ఫొటో తీసుకోండి. తిప్పేటప్పుడు ఎక్కడైనా గట్టిగా అడ్డుపడితే బలవంతం చేయనివ్వకండి. పాత భాగాలన్నీ అడిగి ఇంటికి తెచ్చుకోండి. ఇవ్వడానికి నసిగితే అక్కడే అనుమానించండి.

వణుకంతా టైమింగ్‌దే కావాలని లేదు. బెల్టు పని కోసం సాధారణంగా ఒక పక్క ఇంజన్ మౌంటు విప్పుతారు, దాన్ని సరిగ్గా బిగించకపోయినా బండి అదురుతుంది. ఊడిన వాక్యూమ్ గొట్టం, సరిగ్గా కూర్చోని సెన్సర్ కనెక్టర్ కూడా ఇలాగే ఏడిపిస్తాయి. వీటిని చూడటానికి పది నిమిషాలు చాలు. ఏదైనా సరే, మొదట వెతకాల్సింది వాళ్లు చెయ్యి పెట్టిన చోటే. అది తేలేదాకా బండిని ఘాట్ ఎక్కించకండి.

కె.ఆర్. పురంలో కిట్టు మొత్తం మళ్లీ వేయించడానికి 5,600 అయింది. వాల్వులు వంగలేదు, అదృష్టం. బిల్లు, ఫొటోలు పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేశాను, తరువాత జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేశాను. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే రుసుము లేదు. మొన్న గ్యారేజీ నుంచి ఫోను వచ్చింది. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటే వచ్చే సర్వీసులో 20 శాతం తగ్గిస్తారట.